మత్తుమందు ఆవిరులును మూగజీవుల ఋణమును

ఏటేట వెలువడు మన పాఠశాల సంచికకు విజ్ఞానశాస్త్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. ఏ విషయము వ్రాయుదునాయని యోచించుచుండగా తొమ్మిదవ తరగతి విద్యార్థియొకడు నన్నడిగిన ప్రశ్న జ్ఞప్తికి వచ్చినది. "మాస్టరుగారూ, కోసి వైద్యము చేయునప్పుడు మనుష్యులకు మత్తుమందు పీల్పింతురు గదా, కోతికి కూడ పీల్పింతురా? పీల్పించినచో మనకు వలెనే పనిచేయునా?" అని వాడడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. నవ్వదగిన ప్రశ్న కాదది. పీల్పింతురు, మనకు వలెనే పనిచేయును అని ఒక్క మాటలో బదులు చెప్పవచ్చును. కాని ఆ బదులు వెనుక నూటయేబది యేండ్లకు మించిన చరిత్ర యున్నది. ఆ చరిత్రలో ముఖ్యమైన యధ్యాయమొకటి మన హైదరాబాదులోనే నడచినది. మన పిల్లలలో అనేకులకు ఆ సంగతి తెలియదు గనుక దానినే ఈ వ్యాసమునకు విషయముగా గైకొంటిని.

మన సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతమువారికి ఔషధ కర్మాగారములు క్రొత్త కావు. పాశమైలారము, బొల్లారము, గడ్డపోతారము, ఖాజీపల్లి అను పేర్లు వినగానే మన కన్నుల యెదుట పొగగొట్టములును, ఉదయసాయంకాలములందు కార్మికులను గొనిపోవు బస్సులును మెదలును. మీలో ననేకుల తలిదండ్రులు ఆ కర్మాగారములందే పనిచేయుచున్నారు. జ్వరమునకు, రక్తపీడనమునకు, మధుమేహమునకు వాడు మందుల మూలద్రవ్యములు ఇచ్చట తయారై దేశదేశములకు పోవుచున్నవి. జహీరాబాదు బాటలో కోహీరు మండలమునందలి దిగ్వాలు గ్రామమున, శస్త్రచికిత్సకు ముందు రోగులు పీల్చు మత్తుమందులను సహితము తయారు చేయుచున్నారు. ఏ మందైనను మనుష్యుని నోటికో ముక్కునకో చేరక ముందు మూగజీవుల శరీరములందు పరీక్షకు నిలిచియే వచ్చును. కావున ఈ విషయము మనకు దూరపుది కాదు. మన యింటి యన్నమునకు సంబంధించినదే.

మత్తుమందు లేని కాలమును మనము ఊహింపనైనను జాలము. కాలు తీసివేయవలసిన రోగిని నలుగురు బలాఢ్యులు పట్టుకొనగా వైద్యుడు రంపముతో కోయుచుండెడివాడు. వైద్యుని నేర్పంతయు అతని వేగమునందే యుండెను. 1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున మోర్టన్ అను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి, రోగి బాధ నెరుగకుండ శస్త్రచికిత్స జరుగునట్లు చేసెను. హైదరాబాదు వైద్య పాఠశాల స్థాపింపబడినదియు ఆ 1846లోనే. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు అదియే మూలము. మరుసటి యేడు, 1847 నవంబరులో, ఎడింబరో వైద్యుడు సింప్సన్ క్లోరోఫారమును మత్తుమందుగా వాడుకలోనికి తెచ్చెను. బాధ దేవుడు విధించినది గనుక దానిని తొలగించుట పాపమని కొందరు మతపెద్దలు ఆక్షేపింపగా, ఆదాము ప్రక్కటెముకను తీయుటకు ముందు దేవుడే వానిని గాఢమైన నిద్రలో ముంచెను గదాయని సింప్సన్ గ్రంథప్రమాణముతోనే వారికి సమాధానమిచ్చెను. 1853లో విక్టోరియా రాణి ప్రసవకాలమున క్లోరోఫారము పీల్చిన పిమ్మట ఆ వాదములు చాలవరకు అడగినవి.

మన దేశమునకు ఈథరుకంటె క్లోరోఫారము ఎక్కువ అనుకూలముగా నుండెను. ఈథరు ముప్పదియైదు డిగ్రీల సెంటిగ్రేడు వేడికే మరగిపోవును. మన వైశాఖమాసపు మధ్యాహ్నమున సీసా మూత తీసినంతనే అది ఆవిరియై పోవును. దీపము చెంతనున్నచో మండును కూడ. క్లోరోఫారము అరువదియొక్క డిగ్రీల వరకు మరగదు, సులభముగా మండదు, కొద్దిపాటితోనే రోగి నిద్రించును. అందుచేత వైద్యులు దానినే మెచ్చుకొనిరి.

అయినను ఆ మందునందు ఒక ఘోరమైన దోషము దాగియుండెను. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో న్యూకాసిలు పట్టణ సమీపమున హానా గ్రీనర్ అను బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము పీల్పించిరి. ఆమె వయస్సు పదునైదేండ్లు. మన పదవ తరగతి బాలికల యీడు. మూడు నాలుగు నిముషములలో ఆమె ప్రాణము పోయినది. గోరు తీయుటకు వచ్చిన పిల్ల ఇల్లు చేరలేదు. తరువాత నట్టి మరణములు అచ్చటచ్చట జరుగుచునే యుండెను. వేలమందిలో ఏ ఒక్కరో చనిపోయెడివారు. కాని ఆ యొక్కరు ఎవరగుదురో ముందుగా ఎవ్వరును చెప్పలేకపోయిరి.

చంపునది ఏది? ఈ ప్రశ్నకు వైద్యలోకము రెండు చీలికలైనది. క్లోరోఫారము ముందు ఊపిరి నాపును, హృదయము ఆ తరువాతనే ఆగును, కావున ఊపిరినే కనిపెట్టియుండిన చాలునని ఎడింబరో వారు పట్టుబట్టిరి. కాదు, అది హృదయమునే నేరుగా దెబ్బతీయును, కావున నాడిపై చేయివేసి యుండవలెనని లండనులోని వైద్యులనేకులు వాదించిరి. గ్లాస్గోలో ఒక సంఘము జంతువులపై ప్రయోగములు చేసి హృదయమునకు హాని కలదనియే తేల్చెను. ఇది పండితుల వాదము మాత్రమే కాదు. రోగి తలదాపున నిలిచిన వైద్యుడు దేనిని చూడవలెను, ఊపిరినా, నాడినా? తప్పుగా చూచినచో మనుష్యుడు చచ్చును.

ఆ సమయమున హైదరాబాదులో నిజాము రాజ్యపు వైద్యులకు పెద్దయైన ఎడ్వర్డు లారీ అను నాతడు ఎడింబరోలో సైమ్ అను శస్త్రవైద్యునికి శిష్యుడు. అఫ్జల్‌గంజ్ వైద్యశాలలో వేలకొలది రోగులకు క్లోరోఫారము పీల్పించి, ఊపిరిని మాత్రమే గమనించుచు, తన చేతులలో నొక్కరును చనిపోలేదని గట్టిగా చెప్పుచుండెడివాడు. దానిని నిరూపింపవలెనని 1888లో ఆతడు మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషనును ఏర్పాటు చేయించెను. నూటికి పైబడిన ఊరకుక్కలకు ఆవిరి పీల్పించి చూడగా, ప్రతిదానియందును ఊపిరియే ముందాగినట్లు వారు చెప్పిరి. లండనునందలి లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రిక ఆ మాటను నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వము ఆ పత్రికకే వేయి పౌనుల ద్రవ్యమిచ్చి, మీకు నమ్మకమైన వానిని పంపి మీ కన్నులతోనే చూచుకొనుడని ఆహ్వానించెను. తన మాటను కాదన్నవారినే ధనమిచ్చి పిలిపించి పరీక్షింపుడనుట సామాన్యమైన ధైర్యము కాదు.

లాన్సెట్ పత్రిక సర్ లాడర్ బ్రంటన్ అను పేరెన్నికగన్న వైద్యుని పంపెను. క్లోరోఫారము హృదయమునకు హానికరమని నమ్మినవారిలో ఆయన యొకడు. 1889 శరత్కాలమున రెండవ కమిషను కూర్చుండెను. లారీ, బ్రంటన్, బాంఫర్డు, రుస్తుంజీ అందు సభ్యులు. మసిపూసిన కాగితముమీద రక్తపీడనము తనంతట తాను గీతలు గీయు యంత్రములను తెప్పించిరి. ఈ పర్యాయము కుక్కలు మాత్రమే గాక గుఱ్ఱములు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, కోతులు కూడ ప్రయోగమునకు వచ్చినవి. మొత్తము ఐదువందల ప్రాణులకు తక్కువ కాలేదు. కుక్క విషయము మనుష్యునికి వర్తింపదని ఎవరైన ననవచ్చును. కాని శరీరనిర్మాణమున మనుష్యునికి మిక్కిలి దగ్గరి చుట్టమైన కోతి విషయమున ఆ మాట అనుట కష్టము. డిసెంబరులో బ్రంటన్ లండనునకు తంతి పంపెను. ఆపద ఊపిరాడకపోవుటవలనను మందు మితిమీరుటవలనను కలుగుచున్నదే గాని, హృదయముపై నేరుగా దెబ్బ లేదని దాని సారాంశము. ఏ యభిప్రాయముతో వచ్చెనో దానిని విడిచి తాను చూచినదానిని చెప్పెను. ఆ తంతి వైద్యలోకమును కలచివైచినది.

ఆడపిల్లలారా, ఈ కథలో మీరు జ్ఞాపకముంచుకొనవలసిన పేరొకటి కలదు. రూపాబాయి ఫర్దూన్‌జీ అను పారసీక యువతి ఆ కాలమున హైదరాబాదు వైద్య పాఠశాలలో చదువుకొనుచుండెను. ఆమె లారీ వద్ద క్లోరోఫారము పీల్పించు విద్యను నేర్చి ఆ పనియందు ఆరితేరినది. 1909లో ఎడింబరో వెళ్లి పైచదువు చదివి, మరల హైదరాబాదునకే వచ్చి రోగులకు మత్తునిచ్చు వైద్యురాలుగా పనిచేసినది. ప్రపంచమున మత్తువైద్యమే వృత్తిగా గైకొన్న మొదటి స్త్రీ ఆమెయేయని పలువురు చెప్పుదురు. స్త్రీలు చదువుకొనుటయే అరుదైన ఆ దినములలో, ఇతరుల ప్రాణమును చేతబట్టుకొని నిలుచు పనికి ఆమె సిద్ధపడినది.

ఇంతవరకు చెప్పి మన హైదరాబాదు గెలిచినదని చేతులు తట్టి ముగింపవచ్చును. కాని సత్యమట్లు ముగియలేదు. కమిషను చూచినదంతయు నిజమే. చూడనిది కొంత మిగిలిపోయినది. 1911లో లండనునందు లెవీ అను వైద్యుడు పిల్లులపై పరీక్షలు చేసి ఒక వింతను బయలుపరచెను. క్లోరోఫారము ఎక్కువైనప్పుడు కాదు, తక్కువగా నున్నప్పుడే, ప్రాణి పూర్తిగా నిద్రింపక ముందే, హృదయము ఉన్నట్టుండి గతితప్పి వడవడ వణకి ఆగిపోవచ్చును. భయముచేతనో, పెనుగులాటచేతనో దేహమున అడ్రినలిన్ అను ద్రవ్యము ఊరును. పలుచని క్లోరోఫారముతో అది కలిసినప్పుడు హృదయమునకు మృత్యువగును. గోరు తీయించుకొనుటకు వచ్చి భయముతో వణకిన హానా గ్రీనర్ వంటివారి మరణములకు ఇది తగిన కారణముగా తోచుచున్నది. హైదరాబాదువారు మందు మితిమీరినచో ఏమగునని అడిగిరి. ఆ ప్రశ్నకు ప్రాణులు తప్పులేని బదులు చెప్పినవి. భయపడిన ప్రాణికి కొద్ది మందు ఇచ్చినచో ఏమగునని ఎవ్వరును అడుగలేదు. అడ్రినలిన్‌ను వేరుపరచినదే 1901లో గనుక అడుగుటకు వీలును లేకపోయెను. ప్రకృతి అబద్ధమాడదు, కాని మన మడిగినదానికే బదులు చెప్పును. విజ్ఞానశాస్త్రము చదువు పిల్లలు ఈ మాటను గుండెలో నిలుపుకొనవలెను.

అట్లని కమిషను శ్రమ వ్యర్థము కాదు. ఊపిరిని క్షణమైనను కనుమరుగు కానీయకుడను వారి బోధ నేటికిని మత్తువైద్యమునకు మొదటి పాఠముగా నున్నది. క్లోరోఫారము మాత్రము వాడుకనుండి తొలగిపోయినది. 1956 నుండి హాలోథేను, తరువాత ఐసోఫ్లూరేను, 1990లో జపానులో మొదట సెవోఫ్లూరేను వైద్యులకు లభించినవి. ఇవి క్లోరోఫారమువలెనే ద్రవములు. ఆవిరి నింతయని కొలిచి ప్రాణవాయువుతో కలిపి యిచ్చు యంత్రములందు పోసి వీనిని వాడుదురు. నాడు గుడ్డపై చుక్కలు వేసి అందాజుగా ఇచ్చినదానిని నేడు నూటికింతయని తూచి యిచ్చుచున్నారు.

ఈ కొలతను గూర్చియు ఒక మాట చెప్పవలెను. కత్తి తగిలినప్పుడు నూటికి ఏబది ప్రాణులు కదలకుండుటకు ఎంత ఆవిరి వలయునో, దానిని ఆ మందు బలమునకు కొలతగా 1963 నుండి శాస్త్రజ్ఞులు వాడుచున్నారు. మొదట కుక్కలయందు కొలిచి, పిదప మనుష్యులయందును ఇతర ప్రాణులయందును కొలిచిరి. ఐసోఫ్లూరేను విషయమున మనుష్యునికి నూటికి ఒకటింబావునకు కొంచెము తక్కువ వలయును. మకాకు జాతి కోతికి ఒకటింబావు వలయును. అనగా మనకును కోతికిని భేదము మిక్కిలి స్వల్పము. రక్తపీడనము తగ్గుట, దేహము చల్లబడుట, ఊపిరి మందగించుట, ఇవన్నియు ఇద్దరియందు నొక్క తీరుననే జరుగును. నా విద్యార్థి ప్రశ్నకు శాస్త్రసమ్మతమైన బదులు ఇదియే.

పుస్తకమున చదివినదానికంటె కన్నుల జూచినది గట్టిగా నిలుచును. కొన్ని యేండ్ల క్రిందట పటాన్‌చెరువు దాటిన పిదప జాతీయ రహదారిపై లారీ తగిలి ముంజేయి విరిగిన ఆడకోతి నొకదానిని నగరమందలి ఒక పశువైద్యశాలకు గొనిపోయిన వారిలో నేనును ఉంటిని. మేము పంజరమును దింపగానే అది పండ్లు బయటపెట్టి, చువ్వలను పట్టి ఊపసాగెను. వైద్యులు దాని చెంతకు పోక, ముందుగా పంజరముపై దుప్పటి కప్పించి, అందరను మాటలు మానుడనిరి. అది కొంత శాంతించిన పిమ్మట తొడకండలోనికి కెటమిన్ అను మందును సూదితో నెక్కించిరి. "మెలకువతో నున్న కోతి ముఖమునకు ముసుగు పెట్టి బలవంతముగా ఆవిరి పీల్పింపరాదు మాస్టరుగారూ. భయమే సగము విషము" అని ఆయన అనెను. లెవీ పిల్లులు చెప్పిన పాఠము నూరేండ్లు దాటి, సముద్రములు దాటి, ఆ గదిలో వినబడినట్లు నాకు తోచెను.

కోతి వాలిన పిదప ఆయన మొదట చేసిన పని నన్ను ఆశ్చర్యపరచినది. నోరు తెరచి, దవడసంచులలో వ్రేలుపెట్టి వెదకెను. నానిన వేరుసెనగగింజలు గుప్పెడు బయటికి వచ్చినవి! కోతి ఆహారమును దవడలలో దాచుకొనును గదా. మత్తులో నుండగా ఆ గింజలు జారి శ్వాసనాళమున బడినచో ప్రాణము పోవును. తరువాత సన్నని గొట్టమును శ్వాసనాళములోనికి జొనిపి యంత్రమునకు తగిలించిరి. కన్నులు మూతపడవు గనుక ఎండిపోకుండ లేపనము పూసిరి. చల్లబడకుండ ప్రక్కల వేడినీళ్ల సీసాలుంచిరి. గదిలోని వారు పీల్చకుండ, వాడిన ఆవిరి ఒక గొట్టముగుండ బయటికి పోవుచుండెను. అందరును చేతితొడుగులు, ముక్కుగుడ్డలు ధరించిరి; క్షయ మననుండి కోతికి అంటవచ్చును, కోతినుండి మనకును కొన్ని ప్రమాదకరమైన వ్యాధులు రావచ్చును. నాడి, ప్రాణవాయువు యంత్రపు తెరపై కనబడుచుండినను, వైద్యుల సహాయకురాలు మాత్రము ఆ చిన్న గాలిసంచి నిండుటను, ముడుచుకొనుటను చూచుచు కన్ను త్రిప్పలేదు. రూపాబాయి నాడు చేసిన పనియు అదియే.

ఎముక సరిచేసి కట్టు కట్టిన పిమ్మట ఆవిరి నాపి ప్రాణవాయువును మాత్రమే ఇచ్చిరి. పని ముగిసినదని నేను లేవబోగా, అసలు పని ఇప్పుడే యున్నదని వైద్యులు నన్ను కూర్చుండబెట్టిరి. సగము మత్తులో నున్న కోతి పైకెగబ్రాకబోయి పడును. తోటి కోతులు దానిని కరచి చంపవచ్చును. దానిని ఒంటిగా, చీకటిగానున్న పంజరమున పరుండబెట్టి ఆయన దాని యెదుటనే కూర్చుండెను. బయట పదిమంది తమ కుక్కలతో వేచియుండిరి. ఆయన కదలలేదు. చాలసేపటికి అది తలయెత్తెను, వాల్చెను, మరల ఎత్తెను. చివరకు కూర్చుండి, మంచి చేతితో చువ్వను గట్టిగా పట్టుకొని ఆయన ముఖమువంక చూచెను. అప్పుడు గాని ఆయన లేవలేదు.

ఆ కోతి తన మేలుకై మత్తు పొందినది. కాని మన మేలుకై మత్తు పొందిన కోతుల మాటయేమి? దీనిని దాటవేయుట నాకిష్టము లేదు. 2010లో అమెరికాలో శాస్త్రజ్ఞులు ఆరు దినముల వయసుగల కోతిపిల్లలకు ఐదు గంటలసేపు ఐసోఫ్లూరేను పీల్పించి చూడగా, వాని మెదడులో కొన్ని కణములు నశించినట్లు కనబడినది. ఇట్టి పరిశోధనల ఫలితముగా 2016లో ఆ దేశపు ఔషధ శాఖ, మూడేండ్లలోపు బిడ్డలకు దీర్ఘకాలముగాని పలుమారులుగాని మత్తునిచ్చుటలో జాగ్రత్త వహింపవలెనని హెచ్చరిక చేసినది. 2019లో వెలువడిన మరియొక పరిశోధనయందు, శైశవమున గంటకు లోపుగా ఒక్కమారు మత్తు పొందిన బిడ్డలకు ఐదేండ్ల వయసున బుద్ధిలోపమేమియు కనబడలేదు. తలిదండ్రులారా, మీ బిడ్డకు అత్యవసరమైన చిన్న చికిత్స కావలసివచ్చినప్పుడు భయపడవలదని వైద్యుడు చెప్పుటకును, తొందరలేని చికిత్సను కొంతకాలము ఆపుటకును వెనుక ఈ జ్ఞానమున్నది. ఆ జ్ఞానములో కొంతభాగము తల్లి రొమ్మున నుండవలసిన కోతిపిల్లలనుండి వచ్చినది. మన హైదరాబాదులోనే తయారైన కరోనా టీకా 2020లో మనుష్యుల చేతికెక్కక ముందు ఇరువది కోతులపై పరీక్షింపబడినది. మనలో ననేకులము ఆ టీకా వేయించుకొన్నవారమే.

ఇది న్యాయమా అని పిల్లలడుగుదురు. న్యాయమని సులభముగా అనలేను; అన్యాయమని త్రోసివేసి మందుబిళ్లను మ్రింగుటయు కపటమే. నాకు తోచినది చెప్పుదును. ఇది ఋణము. తీర్పదగిన రీతిని తీర్పవలెను. 1959లో రస్సెల్, బర్చ్ అను ఇద్దరు ఆంగ్లేయులు మూడు నియమములు చెప్పిరి. ప్రాణి లేకయే తెలిసికొనగలిగినదానికి ప్రాణిని వాడవలదు. వాడవలసివచ్చినచో మిక్కిలి కొద్దివానిని వాడవలెను. వానికి బాధను తగ్గింపవలెను. మన దేశమున 1960 నాటి చట్టము, శస్త్రప్రయోగమేదైనను బాధ తెలియకుండునంత మత్తునిచ్చియే చేయవలెననియు, చిన్న జంతువు చాలినచోట పెద్దదానిని వాడరాదనియు చెప్పుచున్నది. 1978లో మన ప్రభుత్వము కోతులను విదేశములకు పంపుటను నిషేధించినది. లారీ కాలమున ఇట్టి కట్టుబాటులు మన దేశమున లేవు. ఇవి మనము నేర్చుకొన్న పాఠములు. పాఠపు వెల కట్టినవి అవి, ఫలము ననుభవించినది మనము.

ఈ ఋణము తీర్చు దారులు మన యూళ్లలోనే కలవు. కోతులు నేడు మన పంటలను పాడుచేయుచున్నవి, ఇండ్లలో చొరబడుచున్నవి. రైతుల బాధ నిజమైనది. అడవులు తరిగి, చెట్లు పోయి, అవి మన వాకిండ్లకు వచ్చినవి. వానిని రాళ్లతో కొట్టుటయు, విషము పెట్టుటయు మందు కాదు. నిర్మలు చెంత 2020లో వెలసిన కోతుల పునరావాస కేంద్రమున వానిని పట్టి, మత్తునిచ్చి, సంతానము కలుగకుండ చికిత్స చేసి విడుచుచున్నారు. బాధ లేకుండ వాని సంఖ్యను తగ్గించు దారి యది. ఇట్టి పనికి నేర్పరులైన పశువైద్యులు కావలెను. మీలో కొందరైన ఆ విద్య నభ్యసింతురుగాక.

బాలబాలికలారా, రేపు మీలో ఒకడు ఔషధశాలలో రసాయనముల తూచువాడగును, ఒకతె వైద్యురాలగును, మరియొకడు పరిశోధనాలయమున పంజరముల తాళములను చేతబట్టును. ఏ పనిలో నున్నను మూడు మాటలు మరువకుడు. మీ వశమునకు వచ్చిన ప్రాణిని ముందు భయమునుండి తప్పింపుడు. దాని ఊపిరిని మీ ఊపిరివలె కనిపెట్టుడు. నిద్రపుచ్చుట మీ చేతనైనందున, అది కన్ను తెరచి తన చోటును తాను గుర్తెరుగువరకు దాని ప్రక్కనుండి లేవకుడు. యంత్రములు మారును, మందులు మారును. నిద్రించువాని చెంత మేల్కొని యుండు ధర్మము మారదు.